మూడు సెన్సార్లు మార్చిన బండి

మా షాపు ముందు బండి ఆపినవాళ్లు మొదట అడిగే మాట “మిస్త్రి లేడా?” అని. అప్పటికి నేను బోనెట్‌లోకి నడుము దాకా వంగి ఉంటాను. చేతిలో మీటరు ఉంటుంది, మోచేతుల దాకా నలుపు ఉంటుంది. అయినా అడుగుతారు. “ఉన్నది, చెప్పుండ్రి” అంటాను. అన్నాక కూడా నా భుజం మీదుగా షాపు లోపలికి చూస్తారు, ఇంకెవరో లేచి వస్తారని. మొదట్లో కోపం వస్తే మింగేదాన్ని. ఇప్పుడూ వస్తుంది, మింగడం మానేశాను.

వేములవాడ బైపాసులో మాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. బ్యాటరీలు, సెల్ఫ్ మోటార్లు మా ఆయన చూస్తాడు. వైరింగు నాది. నేను పుట్టింది సిరిసిల్లలో. బాపు పవర్‌లూమ్ నడిపేవాడు, సొంతం కాదు, ఆసామి దగ్గర. అవ్వా నేనూ ఇంట్లో కూర్చుని కండెలు చుట్టేవాళ్లం. పెళ్లయి ఇక్కడికి వచ్చిన కొత్తలో, కాలిపోయిన మోటారుకు కాయిల్ చుట్టలేక మా ఆయన విసుక్కుంటుంటే, “ఇటియ్యి” అని తీసుకుని చుట్టి ఇచ్చాను. చిన్నప్పటి నుంచి దారం చుట్టిన వేళ్లకు రాగి తీగ ఒక లెక్కా. అట్లా మొదలై టెస్టింగ్ లైటుకు, మీటరుకు, ఆ తర్వాత ఈ కొత్త బండ్ల కంప్యూటర్లకు వచ్చాను. ఆయనకు తెలిసినంత ఆయన నేర్పాడు, మిగిలింది నేను ఆయనకు నేర్పాను. ఈ మాట ఆయన ముందే అంటాను, ఆయన నవ్వుతాడు.

నాకు ఒక మొండి అలవాటుంది. తప్పు కంటికి చూపించకుండా బండిని పంపను. కరెంటు ఎవరికీ కనిపించదు కాబట్టి వైరింగు పనిలో ఎన్ని అబద్ధాలైనా చెల్లుతాయి. ఏదో ఒక పార్టు మార్చి, పాతది చేతిలో పెట్టి, “ఇదే ఖరాబైంది” అంటే నమ్మక చస్తారా. నేను మాత్రం కాలిన తీగను చూపిస్తాను, తుప్పు పట్టిన సాకెట్ చూపిస్తాను, ఓనరు చేత ముట్టిస్తాను. “నీకు జాస్తి పట్టింపు” అని మా ఆయన అంటాడు. అవును, జాస్తే.

ఆ రోజు సోమవారం, కార్తీకం. రాజన్న గుడికి వచ్చే బండ్లతో బైపాసు నిండిపోయింది. పదకొండు గంటలప్పుడు ఒక తెల్లటి ఎనిమిది సీట్ల బండి మా షాపు ముందున్న స్పీడ్ బ్రేకర్ దాటింది, దాటగానే ఆగిపోయింది. డీజిల్ అయిపోయిన బండి దగ్గుతుంది, తడబడుతుంది, ఈడ్చుకుంటూ ఆగుతుంది. ఇది ఎవరో తాళం తిప్పేసినట్టు ఆగింది. ఆ తీరు చూసే నాకు సగం అర్థమైంది. ఇది ఇంజను జబ్బు కాదు, కరెంటు జబ్బు.

బండి నడుపుతున్నతను కిందికి దిగలేదు. ముప్పై ఏళ్లుంటాయి, నుదురు స్టీరింగుకు ఆనించి కూర్చున్నాడు. పక్క సీట్లో వాళ్లమ్మ. బక్క మనిషి, మొహం కొంచెం ఉబ్బి ఉంది, ఎడమ చేతి మీద నరం వేలంత లావున పైకి తేలి ఉంది. డయాలసిస్ చేయించుకునేవాళ్ల చేయి అట్లా ఉంటుందని నాకు తెలుసు. ఆమె గుడి ఉన్న దిక్కుకు దండం పెట్టి, ఏ తొందరా లేని గొంతుతో అంది.

“సెప్పిన గద కొడుకా. ఇగ అయిపోయింది.”

ఏం అయిపోయిందో నాకు అర్థం కాలేదు. బండిని షాపు ముందుకు నెట్టించి, ఆమెకు నీడలో కుర్చీ వేశాను. కొడుకు నన్ను బ్యాటరీల వెనక్కి పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు.

వాళ్లది చెన్నూరు అవతల ఒక పల్లె. వాళ్ల అవ్వకు రెండేళ్ల నుంచి కిడ్నీలు పనిచేయడం లేదు. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే లేపి మంచిర్యాలకు తీసుకుపోయి రక్తం శుద్ధి చేయించాలి. బస్సుల్లో తిప్పలేక ఈ బండి కొన్నాడు. ఆర్నెల్ల నుంచి బండి నడుమ తొవ్వలో ఆగిపోతోంది. షోరూంలో మూడు సెన్సార్లు మార్చారు. మార్చిన ప్రతిసారీ పది పదిహేను రోజులు బాగా నడిచి మళ్లీ ఆగింది. మొన్న శుక్రవారం ఆస్పత్రికి పోతుంటే అడవి నడుమ ఆగింది. గంటన్నర ఎండలో కూర్చున్నారు.

“గప్పటి సంది అవ్వ ఒక్కటే అంటంది అక్కా. రాజన్న పిలుస్తుండట. బండిని ఆపి ఆపి చెప్తుండట. సోమారం దర్శనానికి పోదాం, తొవ్వల ఆగకపోతె దవఖానకు ఎప్పటిలెక్కనే వస్త, ఆగిందంటె ఇగ రాను, నన్ను ఇంట్లనే ఉండనియ్యి అన్నది. నూరు కిలోమీటర్లు దాటినం, ఎక్కడ ఆగలే. గుడి ముందలికొచ్చి ఆగింది.” అతను కళ్లు తుడుచుకోలేదు, అట్లాగే వదిలేశాడు. “రేపు మంగళారం. రేపు పోకపోతె శుక్రారం దాక ఉంటదో ఉండదో.”

నాకు జాలి కంటే ముందు కోపం వచ్చింది. నిజం చెప్తున్నాను, ఆ అవ్వ మీదే వచ్చింది. రాజన్నకు వేరే పనే లేదా, చెన్నూరు అవతలి ఒక బండి సెన్సారు తీగ పట్టుకుని కూర్చోవడానికి. నేరుగా ఆమె ముందుకు పోయి నిలబడ్డాను.

“అవ్వా, నీ మొక్కుకు నేను అడ్డం రాను. గని బండి ఎందుకాగిందో నేను నీకు చూపెట్టేదాక ఏ నిర్ణయం జెయ్యకు.”

“నువ్వు చూపెట్టేదేముంది బిడ్డా,” అంది మెల్లగా. “చెప్పెటోడు చెప్పిండు.”

“ఆయన చెప్పిండో, బండి చెప్పిందో చూద్దాం. సాయంత్రం దాక ఉండు.”

ఉంటానని అనలేదు, లేవనూ లేదు.

ఇంతలో కొడుకు షోరూంకు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను. “కంప్యూటరే పోయింది భై. ఆర్డర్ పెట్టాలె, ఇరవై రోజులు పడతది. అప్పటిదాక ఎవ్వరితోని చెయ్యి పెట్టియ్యకు,” అంటున్నాడు అవతలి మనిషి. ఇక్కడ ఒక అక్క చూస్తోందని ఇతను చెప్పాడు. “అక్కనా?” అని నవ్వాడతను. “అక్క సెన్సార్ చూస్తదా. సరే, చూడుమను. రేపు వారంటీ పోతె మమ్మల్ని అడగద్దు.”

నేను ఫోన్ అందుకున్నాను. “అన్నా, మూడు సెన్సార్లు మార్చిండ్రు గదా. ఆ మూడిట్ల ఒక్కటన్న ఖరాబైందని మీటరు పెట్టి చూసిండ్రా?”

“స్కానర్ల కోడ్ సెన్సార్‌దే వచ్చింది మేడం.”

“సెన్సార్ నుంచి కబురు వస్తలేదని చెప్తది కోడ్. సెన్సార్ చచ్చిందని చెప్పదు. ఆ కబురొచ్చే తీగ తొవ్వ చూసిండ్రా?”

“మీ ఇష్టం,” అని పెట్టేశాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, సెన్సారు అయిపోయింది, ఇప్పుడు కంప్యూటరు మీద పడ్డారు.

సంగతి పెద్దదేమీ కాదు. ఇంజను వెనక ఒక పళ్ల చక్రం తిరుగుతుంది. దాని ముందు బొటనవేలంత సెన్సారు కూర్చుని ఆ పళ్లను లెక్కబెట్టి కంప్యూటరుకు చెప్తుంటుంది. ఆ లెక్కను బట్టే కంప్యూటరు డీజిల్ కొట్టిస్తుంది. లెక్క అందలేదా, మరుక్షణం ఇంజనును ఆపేస్తుంది. సెన్సారుకు మూడే తీగలు. ఒకటి కరెంటు తెస్తుంది, ఒకటి ఎర్తింగు, మూడోది కబురు మోస్తుంది. మగ్గం మీద పేక పోగు తెగితే దాన్ని పసిగట్టే ఫోర్కు పడి మగ్గం ఆగుతుంది. ఆగిందని ఫోర్కును విప్పి పారేసేవాణ్ణి సిరిసిల్లలో ఎవరూ పనిలో పెట్టుకోరు. పోగు ఎక్కడ తెగిందో చూడమంటారు.

బోనెట్ ఎత్తాను. ఇంజను పక్కనే నిమ్మకాయల దండ వేలాడుతోంది. ఎండి నల్లబడిన నిమ్మకాయలు, మిరపకాయలు, నడుమ బొగ్గుముక్క, అన్నీ బైండింగ్ తీగకు గుచ్చి. తీగ ఒక కొస వైర్ల నల్ల పైపుకు, ఇంకో కొస ఇంజను బోల్టుకు మెలిపెట్టి ఉంది. ఇటువైపు బండ్లకు దండ లేకపోతేనే వింత. నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని, మెలి విప్పి, దండను కళ్లకద్దుకుని డాష్‌బోర్డు మీద పెట్టాను. దేవుడి దగ్గరి నుంచి వచ్చినదాన్ని మడ్డి చేతులతో ముట్టుకోలేం కదా. ఏ మిస్త్రీ అయినా మొదట చేసే పని అదే.

తాళం తిప్పాను. ఒక్క పెట్టున స్టార్టయింది.

“ఎప్పుడన్న ఆగితే గంట, గంటన్నర దాక లేవదు అక్కా,” అన్నాడు కొడుకు, కళ్లు పెద్దవి చేసి. “నీ చెయ్యి మంచిది.”

సంబరపడ్డాననే ఒప్పుకోవాలి. చెయ్యి మంచిదంటే ఎవరికి చేదు. ఆ సంబరంలో, ఇప్పుడు ఎందుకు లేచిందని నన్ను నేను అడగలేదు. అది నా మొదటి తప్పు.

స్కానర్ పెడితే షోరూం వాళ్లకు వచ్చిన కోడే వచ్చింది. సెన్సారు సాకెట్ విప్పి చూస్తే ఐదు వోల్టులు నిండుగా ఉన్నాయి, ఎర్తింగు గట్టిగా ఉంది. కబురు తీగకు ఈ కొస నుంచి ఆ కొస దాకా మీటరు పెట్టాను, ఎక్కడా తెగలేదు. ఇంజను నడుస్తుండగా సాకెట్లన్నీ కదిలించాను, స్క్రూడ్రైవర్ పిడితో తట్టాను, సెన్సారు మీద సలసలా కాగిన నీళ్లు పోశాను. ఇంజను చలించలేదు. చివరికి వైర్ల పైపు పొడవునా వేళ్లు పెట్టి తడిమాను, పడుగులో తెగిన పోగును తడిమినట్టు. ఒకచోట పైపు అడుగున కుంకుమా నూనే కలిసి గట్టిపడిన మడ్డి తగిలింది. పూజ చేసిన కుంకుమ కదా అని గీకకుండా దాటిపోయాను. అది రెండో తప్పు.

కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని కరీంనగర్ తొవ్వలో రెండుసార్లు పోయి వచ్చాను. గుంతల్లో కావాలనే దింపాను. ఆగలేదు. ఆగిన బండిని బాగు చేయవచ్చు, ఆగనంటే ఆగనన్న బండిని ఏం చేస్తాం. కొడుకు మొహం తేటపడుతోంది, నాకు లోపల గుబులు పెరుగుతోంది.

అన్నం వేళకు నేను టీ ఇస్తే అవ్వ వద్దంది. సంచిలోంచి నీళ్ల సీసా తీసి, దాని మూతలో పోసుకుని ఒక్క మూతెడు తాగి, సీసా మళ్లీ బిగించి లోపల పెట్టింది. “డాక్టరు నీళ్లు కొలిసే తాగుమన్నడు, ఎక్కువైతే పానం మీదికొస్తదట,” అంది. ఆ ఎండలో నేను చెంబెడు నీళ్లు ఎత్తి తాగుతుంటే చూపు తిప్పుకుంది. ఆ మూతెడు నీళ్లు నా మనసులో ఉండిపోయాయి.

మూడు గంటలైంది. మా ఆయన దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు. “ఏదన్న ఒకటి మార్చి పంపియ్యరాదు. నడుస్తనే ఉన్నది గదా. అవ్వకు ధైర్యమైతది.”

“రేపు అడవిల ఆగితే?”

ఆయన సెల్ఫ్ మోటారు పని దగ్గరికి తిరిగి పోయాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట మంచికే అన్నాడు. నాకు కూడా నోటి దాకా వచ్చింది. ఒక సాకెట్ మార్చి, “ఇదే అవ్వా, చూడు” అంటే ఆమె రేపు పొద్దున బండెక్కేది. కానీ మళ్లీ ఆగితే? అప్పుడు నా అబద్ధం కూడా రాజన్న కబురే అవుతుంది. ఇక ఆమెను ఎవరూ కదపలేరు. ఒక మనిషి ప్రాణం నా చేతిలోని మీటరు మీద ఉంది, ఆ మీటరు ఏమీ చెప్పడం లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి నాకు ఈ పని వచ్చా అన్న అనుమానం కలిగింది. భయమేసింది కూడా.

పోయి చెప్పాను. “అవ్వా, దొరకలే.”

ఆమె నన్ను దెప్పలేదు. దెప్పినా బాగుండేది. “నీ తప్పేమున్నది బిడ్డా,” అని నా చేయి తట్టింది. “పొద్దటి సంది తిండి తినకుండ కష్టపడ్డవ్.” నన్నే ఓదారుస్తోంది. ఒళ్లు మండింది.

“దర్శనం జేసుకొని ఎల్లిపోతం,” అని లేచింది. “దండ తీసినవ్ గదా, మళ్ల కట్టనియ్యి. విప్పిన దండను పక్కకు పెట్టి గుడి ముందలికి పోవద్దు.”

ఇంజను నడుస్తూనే ఉంది, నేనే ఆపకుండా వదిలాను. ఆమె దండ తీసుకుని బోనెట్ దగ్గరికి వచ్చింది. ఒక కొస నల్ల పైపు చుట్టూ తిప్పింది, అదే చోట, మడ్డి ఉన్నచోట. ఇంకో కొస బోల్టుకు వేసి, బలం లేని ఎడమ చేతిని ఆనించి, కుడి చేత్తో గట్టిగా మెలిపెట్టింది.

ఇంజను ఆగిపోయింది.

అవ్వ రెండు చేతులూ వెనక్కి తీసుకుని దండం పెట్టింది. కొడుకు అక్కడే నేల మీద కూలబడ్డాడు. నాకు నవ్వు వచ్చింది. నవ్వకూడని చోట, ఆపుకోలేనంత నవ్వు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తప్పును నా చేతులతో విప్పి, కళ్లకద్దుకుని, డాష్‌బోర్డు మీద పెట్టి, నాలుగు గంటలు దాని కోసం బండంతా వెతికాను.

“తమ్మీ, లే,” అన్నాను. “షోరూంల ఈ దండను ఏం జేస్తరు?”

అతనికి నా నవ్వు నచ్చలేదు. “బండి కడిగేముందు తీసి పారేస్తరు.”

“మళ్ల ఎప్పుడు కడుతరు?”

“పది దినాలు బాగ నడిస్తె, మొక్కు చెల్లియ్యాలెనని అవ్వ గిక్కడికి తీస్కొస్తది. గుడి కాడ కొత్తది కొని కడుతది. మొదట్ల బంపరుకే కట్టినం. మా ఊరి తొవ్వల రాళ్లకు ఊడిపోయింది. ఇంజను పానం గదా, పానానికే కట్టాలెనని లోపల కట్టింది.”

“లోపల కట్టింది ఎప్పుడు?”

“ఆర్నెల్లయితుండొచ్చు,” అని నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు.

మెలి విప్పి బండి స్టార్ట్ చేశాను, నడిచింది. మడ్డి గీకితే, దండ తీగ ఒరిసి ఒరిసి పైపుకు పడిన గాటు కనిపించింది. అక్కడే బ్లేడుతో నల్ల పైపు కోసి, లోపలి తీగలు బయటికి లాగాను. కబురు మోసే తీగ మీది తొడుగు బియ్యపుగింజంత మేర కోసుకుపోయి రాగి మెరుస్తోంది. దాని మీద ఇనుప తీగ ఆనితే కబురు కంప్యూటరుకు పోకుండా, బోల్టు మీదుగా ఇంజను ఒంట్లోకి పోతుంది. కుదుపుకు తగిలితే ఆగుతుంది, కదిలి జరిగితే నడుస్తుంది. దండ తీసేస్తే ఏమీ ఉండదు. షోరూం వాళ్లు దండ తీసి సెన్సారు మార్చి, సెన్సారు వల్లే బాగైందనుకున్నారు. వీళ్లు బాగైనందుకు మొక్కు చెల్లించి మళ్లీ దండ కట్టారు.

“నువ్వేనా అవ్వా,” అన్నాడు కొడుకు. గొంతు లేచింది. “ఆర్నెల్ల సంది నన్ను పరేషాన్ జేసింది నువ్వేనా? గా అడవిల నీళ్లు లేక, నీడ లేక, నువ్వు సచ్చిపోతవేమోనని…”

“నోర్ముయ్యి,” అన్నాను. నా షాపులో అంత గట్టిగా నేను ఎవరినీ అనలేదు. “ఆమె ఒక తీగ కట్టింది, నువ్వు బాగుండాలెనని కట్టింది. చదువుకున్నోళ్లు, స్కానర్లు పెట్టుకున్నోళ్లు మూడు సెన్సార్లు మార్చి గా తీగను చూడలే. పొద్దటి సంది నేను చూడలే. అరిచేదుంటె ముందు నా మీద అరవాలె.”

అతను తల దించుకున్నాడు. అవ్వ మాత్రం మా ఇద్దరినీ చూడటం లేదు. ఆ రాగి మెరుపునే చూస్తోంది.

నేను ఆమె చేయి పట్టుకుని దగ్గరికి తెచ్చాను. దండ తీగ కొస ఆమె చేతికిచ్చాను. “ముట్టియ్యి.” ముట్టించింది. ఇంజను ఆగింది. “తియ్యి.” తీసింది. నేను తాళం తిప్పితే నడిచింది. మళ్లీ ముట్టించమన్నాను. ఆగింది. మూడోసారి నేను చెప్పకుండానే ఆమే ముట్టించింది, ఇంజను ఆగేదాకా చూసి, చేయి తీసి నా వైపు తిరిగింది.

“అంటే ఆగింది గీ తీగకేనా?”

“గీ తీగకే.”

“నేను కట్టిందానికేనా?”

మెత్తగా చెప్పవచ్చు. ఎలుక కొరికిందనవచ్చు, కంపెనీ వాళ్ల తీగే నాసి రకమనవచ్చు. మా ఆయన అటు నుంచి కళ్లతో సైగ చేస్తున్నాడు. కానీ మెత్తగా చెప్తే ఆమె మనసులో రాజన్న పిలుపుకు కాస్త జాగా మిగులుతుంది. అది నేను మిగల్చదలచుకోలేదు.

“నువ్వు కట్టిందానికే అవ్వా. ఇంకెవ్వరు ఆపలే. ఎవ్వరు పిలుస్తలేరు.”

ఆమె ఏడుస్తుందనుకున్నాను. సంతోషిస్తుందని కూడా ఒక మూల ఆశపడ్డాను. ఆమెకు కోపం వచ్చింది. మొదటిసారి ఆ మొహంలో రక్తం కనిపించింది.

“నిమ్మలంగున్న బిడ్డా,” అంది. “రెండేండ్లాయె, సూదులు, మంచం, గీ తొవ్వ. వీడు నా కోసానికి పెండ్లి చేసుకోడు, ఊరు దాటి పోడు. రాజన్న పిలిచిండనుకుంటె పానం నిమ్మలమయింది. శుక్రారం సంది మంచిగ నిద్ర పట్టింది. నువ్వొచ్చి మళ్ల లేపినవ్.”

నేను తీగ పని మీద పడ్డాను. కోసుకుపోయిన ముక్కను కత్తిరించి, కొత్త తీగ చేర్చి సోల్డర్ పెట్టాను. తొడుగు వేసి వేడి చేశాను. పైపుకు టేపు చుట్టి, బోల్టులకు దూరంగా జరిపి క్లిప్పు బిగించాను. దండను నూలు దారంతో ముందు బంపరుకు, గట్టిగా, నాలుగు ముళ్లు వేసి కట్టాను. ఆ ముళ్లు వేస్తుండగా నా నోటికి మాట వచ్చింది. తల ఎత్తకుండానే అన్నాను.

“లేపిన అవ్వా. తిట్టు, పడుత. గని ఒకటి అడుగుత, చెప్పు. అంత నిమ్మలంగ ఉన్నదానివి, పోదామనుకున్నదానివి, నీళ్లెందుకు మూతతోని కొలుసుకొని తాగుతున్నవ్? గీ ఎండల సీసెడు తాగి సల్లగుండొచ్చు గదా. ఎవరు వద్దన్నరు?”

ఆమె చూపు సంచి మీదికి పోయింది. రోడ్డు మీద బండ్లు పోతున్నాయి, ఎవరో మొక్కు కోడెను గుడి వైపు నడిపించుకుపోతున్నారు. కొడుకు ఆమె సంచిని చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు, లోపల సీసా ఉన్న సంచి. నేను బోనెట్ వేశాను. చప్పుడుకు అవ్వ ఉలిక్కిపడింది.

కొంగుతో మొహం తుడుచుకుంది. నాతో కాదు, కొడుకుతో అంది.

“రేపు పొద్దుగాల నన్ను ఎన్నింటికి లేపుతవ్ రా?”

అతను సంచిని భుజానికి తగిలించుకున్నాడు. “నాలుగున్నరకు అవ్వా.”

“నాలుగింటికే లేపు,” అంది. “తానం చెయ్యాలె.”